హువా లాంఫోంగ్ మూతపడిందా? బ్యాంకాక్ పాత స్టేషన్ నుంచి ఏ రైళ్లు వెళ్లిపోయాయి, ఏవి ఉండిపోయాయి, ఎందుకు

క్లుప్తంగా: 1916 నుంచి బ్యాంకాక్‌కు ప్రధాన స్టేషన్‌గా ఉన్న హువా లాంఫోంగ్ నుంచి 2023 జనవరి 19న 52 దూరప్రయాణ రైళ్లను కొత్త టెర్మినల్‌కు మార్చారు. ఆ టెర్మినల్ దాదాపు ఏడున్నర కిలోమీటర్ల ఉత్తరాన, బాంగ్ సూలో ఉంది. పాసింజర్ బండ్లు, ఉద్యోగస్తుల లోకల్ బండ్లు, తూర్పు లైను బండ్లు మాత్రం పాత చోటు నుంచే నడుస్తున్నాయి. రోడ్డు గేట్లు, పట్టాలు ఆగిపోయే డెడ్ ఎండ్ స్టేషన్‌లో తప్పని షంటింగ్ (ఇంజిన్లను, బోగీలను అటూ ఇటూ మార్చే పని), కొత్త ఎత్తైన మార్గానికి సరిపడని పాత బోగీలు, తూర్పు లైను విడిపోయే చోటు: ఈ నాలుగూ కలిసి ఈ పంపకాన్ని నిర్ణయించాయి. భవనం మీది అభిమానానికి ఇందులో ఉన్న పాత్ర చాలామంది అనుకునేంత పెద్దది కాదు.

ఒకే పేరుతో రెండు స్టేషన్లు

హైదరాబాద్ నుంచి బ్యాంకాక్ వెళ్లేవాళ్లు పెరిగాక చియాంగ్ మైకి, అయుత్తయకు రైలెక్కాలనుకునే తెలుగువాళ్లూ పెరిగారు. వాళ్లకు ముందుగా ఎదురయ్యే చిక్కు స్టేషన్ పేరు. పాత స్టేషన్ అధికారిక పేరు క్రుంగ్ థేప్, అంటే థాయ్ భాషలో బ్యాంకాక్. హువా లాంఫోంగ్ అన్నది జనం నోట నిలిచిన పేరు. కొత్తదాని పేరు క్రుంగ్ థేప్ అఫివత్. టికెట్ మీద మొదటి రెండు మాటలు చూసి పాత స్టేషన్‌కు పరుగెత్తితే రైలు తప్పిపోతుంది. ఎందుకంటే స్లీపర్, ఏసీ ఉన్న దూరప్రయాణ రైళ్లేవీ ఇప్పుడు అక్కడి నుంచి బయల్దేరవు. పాత గైడ్ పుస్తకాలూ, 2023కు ముందు తీసిన వీడియోలూ ఈ పొరపాటును ఇంకా పెంచుతున్నాయి.

రెండో గందరగోళం వార్తల వల్ల వచ్చింది. 2021 చివర్లో ‘హువా లాంఫోంగ్ మూసివేత’ అని ఒకసారి, 2023 జనవరిలో ‘చివరి రైలు వెళ్లిపోయింది’ అని మరోసారి శీర్షికలు వచ్చాయి. రెండు సందర్భాల్లోనూ స్టేషన్ మూతపడలేదు. ఎందుకు పడలేదో తెలియాలంటే అసలు ఆ స్టేషన్ అక్కడికి ఎలా వచ్చిందో చూడాలి.

కాలువ గట్టున మొదలైన రైల్వే

సయాంలో (థాయ్‌లాండ్ పాత పేరు అదే) మొట్టమొదటి రైలు ప్రభుత్వానిది కాదు. డేనిష్ నౌకాధికారి రిషెల్యూ, ఆంగ్లేయుడు లాఫ్టస్ పేరిట ఇచ్చిన అనుమతితో ఏర్పడ్డ ప్రైవేటు కంపెనీ 1893 ఏప్రిల్‌లో బ్యాంకాక్ నుంచి నది ముఖద్వారం దగ్గరున్న పాక్‌నాంకు 21 కిలోమీటర్ల లైను తెరిచింది. హువా లాంఫోంగ్ అనే పేరు మొదట ఆ లైను స్టేషన్‌దే. అది ఇప్పటి స్టేషన్‌కు ఎదురుగా ఉండేది. పాక్‌నాం లైనును 1960 జనవరి 1న ఎత్తేశారు. దాని పేరు మాత్రం పక్కనున్న పెద్ద స్టేషన్‌కు అప్పటికే అంటుకుపోయింది.

ప్రభుత్వ రైల్వే శాఖ 1890లో ఏర్పడింది. దాని మొదటి అధిపతి జర్మన్ ఇంజినీరు కార్ల్ బెట్గే. మొదటి లైను కోరాట్ పీఠభూమి వైపు, అంటే నఖోన్ రాచసీమకు వేశారు. అందులో బ్యాంకాక్–అయుత్తయ భాగాన్ని 1897 మార్చి 26న చులలోంగ్‌కోర్న్ రాజు ప్రారంభించాడు. కోరాట్ వరకు పూర్తయ్యేసరికి 1900 డిసెంబర్ అయింది. ఈ లైనుకు బ్యాంకాక్ కొసన స్టేషన్ కోసం ఎంచుకున్న స్థలం పడుంగ్ క్రుంగ్ కసెం కాలువ పక్కన ఉంది. 1850ల ఆరంభంలో తవ్విన ఆ కాలువ అప్పటి నగరానికి వెలుపలి హద్దు. హద్దు దగ్గర కాబట్టి విశాలమైన ఖాళీ భూమి దొరికింది. కాలువ పక్కన కాబట్టి బోగీల్లో వచ్చిన బియ్యాన్ని పడవల్లోకి ఎత్తి ఛావో ఫ్రాయా నదికి చేర్చవచ్చు. అప్పట్లో బ్యాంకాక్‌లో సరుకు కదిలేది నీటి మీదే. అంటే ఆ స్థలం ప్రయాణికుల సౌకర్యం ఒక్కటే చూసి ఎంచింది కాదు. సరుకు రవాణా ఆ తర్వాత ఎప్పుడో స్టేషన్‌ను వదిలిపోయింది. 1960 ప్రాంతంలో గూడ్స్ పని మొత్తం బాంగ్ సూ దగ్గరి ఫహోన్‌యోథిన్ యార్డుకు మారింది. స్థలం ఎంపికకు ఉన్న కారణాల్లో సగం అప్పుడే తీరిపోయింది. నగరం మాత్రం స్టేషన్‌ను దాటి అన్ని దిక్కులా పెరుగుతూ పోయింది.

రెండు గేజులు, ఒక వంతెన

ఉత్తర, ఈశాన్య, తూర్పు లైన్లను 1,435 మిల్లీమీటర్ల స్టాండర్డ్ గేజులో వేశారు. గేజు అంటే రెండు పట్టాల మధ్య దూరం. నదికి అవతలి ఒడ్డున తోన్‌బురి నుంచి ఫెచబురికి 1903లో తెరిచిన దక్షిణ లైను మాత్రం మీటర్ గేజు. దక్షిణాన బ్రిటిష్ మలయా రైల్వే మీటర్ గేజులో ఉంది కాబట్టి దానితో కలవాలంటే అదే గేజు కావాలి. ఈ లైన్ల మధ్య నది, నది మీద రైలు వంతెన లేదు. అందువల్ల 1916లో కొత్త భవనం తెరిచినప్పుడు కూడా అది దేశం మొత్తానికి స్టేషన్ కాదు, సగానికే. దక్షిణానికి వెళ్లేవాళ్లు పడవెక్కి అవతలి ఒడ్డుకు పోవాల్సిందే.

1917లో రెండు రైల్వే శాఖలనూ పురచత్ర యువరాజు కింద ఒకటి చేశారు. తర్వాత దేశమంతా మీటర్ గేజుకు మారాలని నిర్ణయించారు. 1930 నాటికి మార్పు పూర్తయింది. సాంకేతికంగా ఇది మన దగ్గర జరిగినదానికి తలకిందులు. మీటర్ గేజును బ్రాడ్ గేజు చేయాలంటే కట్టలు వెడల్పు చేయాలి, వంతెనలు బలపరచాలి, పట్టాల కింది అడ్డ దిమ్మెలు, అంటే స్లీపర్లు, మార్చాలి. సికింద్రాబాద్–మన్మాడ్ లైను మార్పిడికి ఏళ్లు పట్టింది అందుకే. పెద్ద గేజు నుంచి చిన్న గేజుకు వచ్చేటప్పుడు ఉన్న స్లీపర్ల మీదే ఒక పట్టాను 435 మిల్లీమీటర్లు లోపలికి జరిపితే సరిపోతుంది. మార్పు జరుగుతున్న కాలంలో మూడో పట్టా వేసి రెండు రకాల బండ్లూ నడపవచ్చు. కష్టమంతా ఇంజిన్లు, బోగీల చక్రాలు మార్చడంలో, స్టేషన్ యార్డుల్లో బండి ఒక పట్టా నుంచి మరో పట్టాకు మారే పాయింట్ల దగ్గర.

1927 జనవరి 1న నది మీద ఆరో రామ వంతెన తెరిచాక దక్షిణ లైను బాంగ్ సూ దగ్గర ఉత్తర లైనుతో కలిసింది. హువా లాంఫోంగ్ నిజంగా దేశపు ప్రధాన స్టేషన్ అయింది అప్పుడే. అక్కడి నుంచి పట్టాలు పినాంగ్, కౌలాలంపూర్, సింగపూర్ దిశగా తెగకుండా సాగాయి. రెండో ప్రపంచ యుద్ధంలో మిత్రపక్ష విమానాలు ఈ వంతెనను కూల్చాయి, 1953లో గానీ మళ్లీ తెరవలేదు. బీ-29 బాంబర్ల మొట్టమొదటి యుద్ధ దాడి కూడా, 1944 జూన్ 5న, బ్యాంకాక్‌లోని మక్కసాన్ రైల్వే వర్క్‌షాపుల మీదే జరిగింది. తెలుగువాళ్లకు సంబంధించిన ఒక చేదు వివరం కూడా దక్షిణ లైనుతోనే ముడిపడి ఉంది. 1943లో సయాం–బర్మా రైలు మార్గం పనికి జపాన్ సైన్యం మలయా రబ్బరు తోటల నుంచి తరలించిన కూలీల్లో తమిళులతో పాటు తెలుగువాళ్లూ ఉన్నారు. వాళ్లను బాన్ పోంగ్ వరకు చేర్చింది ఈ లైనే.

ఈ చరిత్రలో ఇప్పటి వివాదానికి పనికొచ్చే అంశం ఒకటుంది. ఉత్తర, ఈశాన్య, దక్షిణ లైన్లు మూడూ కలిసే చోటు హువా లాంఫోంగ్ కాదు, బాంగ్ సూ. దక్షిణానికి వెళ్లే బండి కూడా ముందు ఉత్తరంగా ఏడున్నర కిలోమీటర్లు పోయి, బాంగ్ సూ దగ్గర పడమరకు తిరిగి, వంతెన దాటి, అప్పుడు దక్షిణం పడుతుంది. హువా లాంఫోంగ్–బాంగ్ సూ ముక్క అన్ని బండ్లూ వచ్చిపోయే ఇరుకు సందులాంటిది. ఒక్క తూర్పు లైనే వేరు. అది హువా లాంఫోంగ్ నుంచి రెండు కిలోమీటర్లు దాటగానే యొమ్మరాట్ దగ్గర చీలి, మక్కసాన్ మీదుగా తూర్పుకు పోతుంది. దాని మామూలు దారిలో బాంగ్ సూ తగలదు.

1916 భవనం

కట్టడం 1910లో మొదలై, 1916 జూన్ 25న వజిరావుధ్ రాజు చేతుల మీదుగా ప్రారంభమైంది. ఇటలీ నవ్య పునరుజ్జీవన శైలి, సగం పీపాలా వంగిన పెద్ద కప్పు, ముందు భాగాన రంగుటద్దాల కిటికీలు. రూపకల్పన చేసింది ట్యూరిన్ వాస్తుశిల్పి మారియో టమాన్యో. అనంత సమాఖోమ్ సింహాసన మందిరం పనిలో పాల్గొన్న బృందంలోని మనిషి. ఫ్రాంక్‌ఫర్ట్ స్టేషన్‌తో పోలికలు చెబుతుంటారు. కమాను నడుమ వేలాడే గడియారం అడ్డకొలత 160 సెంటీమీటర్లు. కప్పు రెండు కొసలా తెరిచి ఉండటం అలంకారం కోసం కాదు. ఆవిరి ఇంజిన్ల కాలంలో పొగ బయటికి పోవడానికి అది అవసరం. డీజిల్ వచ్చాక కూడా అదే ఏర్పాటు పనికొచ్చింది. కొత్త టెర్మినల్ దగ్గరికి వచ్చినప్పుడు ఈ మాట మళ్లీ ఎత్తాల్సి వస్తుంది.

డెడ్ ఎండ్ స్టేషన్‌లో ఒక బండికి ఆరు కదలికలు

హువా లాంఫోంగ్‌లో పట్టాలు ప్లాట్‌ఫాం చివర బఫర్ల దగ్గర ఆగిపోతాయి. మన నాంపల్లి చూసినవాళ్లకు ఇది తెలిసిన సంగతే. ఇంజిన్ లాగే బండి అలాంటి స్టేషన్‌కు వచ్చి, మళ్లీ బయల్దేరేలోపు జరిగే పని ఇది. బండి వచ్చి ఆగుతుంది. ఇంజిన్ బఫర్ వైపు ఇరుక్కుంటుంది. రెండో కొసన షంటింగ్ ఇంజిన్ తగిలించి ఖాళీ రేకును, అంటే బోగీల వరుసను, యార్డుకు లాగేస్తారు. అప్పుడు గానీ బండి తెచ్చిన ఇంజిన్‌కు దారి దొరకదు. అది ఒంటరిగా షెడ్డుకు పోతుంది. షెడ్డు ఉన్నది బాంగ్ సూలో. సాయంత్రం బయల్దేరే వేళకు కడిగి, నీళ్లు పట్టిన రేకును మళ్లీ ప్లాట్‌ఫాం మీదికి తెస్తారు. షెడ్డు నుంచి మరో ఇంజిన్ వచ్చి బయటి కొసన తగులుతుంది. ఆ తర్వాత బండి బయల్దేరుతుంది. లెక్కపెడితే ఒక రేకు కోసం స్టేషన్ ముఖద్వారంలోని పాయింట్ల మీద ఆరు కదలికలు. అదే డీజిల్ రైల్‌కార్ అయితే డ్రైవర్ ఈ కొస నుంచి ఆ కొసకు నడిచి వెళ్తే చాలు, రెండే కదలికలు: రావడం, పోవడం.

పన్నెండు ప్లాట్‌ఫాంలున్నా స్టేషన్ ఎప్పుడూ ఇరుకుగా అనిపించడానికి కారణం ఇదే. ప్లాట్‌ఫాంలు ఎన్ని ఉన్నా అన్నీ వెళ్లి కలిసేది ఆ ముఖద్వారంలోనే. ఒక బండి ఆలస్యంగా వస్తే దాని రేకు ఆలస్యంగా కదులుతుంది, దాని ఇంజిన్ ఇరుక్కుపోతుంది, ఆ ప్లాట్‌ఫాం కోసం చూస్తున్న మరో బండి సామ్ సేన్ దగ్గరో యొమ్మరాట్ దగ్గరో ఆగుతుంది.

షెడ్డు దూరంగా ఉండటంలో ఇంకో ప్రమాదం ఉందని 1986 నవంబర్ 8న తెలిసింది. బాంగ్ సూ షెడ్డులో ఒకదానికొకటి తగిలించి ఉన్న ఆరు డీజిల్ ఇంజిన్లు డ్రైవర్ లేకుండానే కదిలి, లైను వెంబడి హువా లాంఫోంగ్ దాకా వచ్చి, బఫర్లను బద్దలు కొట్టుకుని జనం తిరిగే హాల్లోకి దూసుకెళ్లాయి. ప్రాణనష్టం జరిగింది. డెడ్ ఎండ్ స్టేషన్‌లో అదుపు తప్పిన బండికి ముందు మిగిలేది గోడే.

గేట్లు: అసలు గొడవ

బాంగ్ సూ నుంచి హువా లాంఫోంగ్ దాకా పట్టాలు నేల మీదే వస్తాయి. దారిలో నగరపు పెద్ద రోడ్లు వాటిని అడ్డంగా దాటుతాయి. యొమ్మరాట్ దగ్గర రైల్వే గేటు ఒక రద్దీ కూడలికి ఆనుకునే ఉంది. లెవెల్ క్రాసింగ్ పనిచేసే పద్ధతి సూత్రప్రాయంగా సులువు: వెనక స్టేషన్ నుంచి గంట రాగానే గేటు మూయాలి, మూసి తాళం పడితేనే రైలుకు సిగ్నల్ పచ్చబడుతుంది. చిక్కు వచ్చేది రోడ్డు బిగుసుకుపోయినప్పుడు. కార్లు పట్టాల మీద నిలిచిపోతే గేటు దించలేరు. గేటు దిగకపోతే సిగ్నల్ ఎర్రగానే ఉంటుంది. రైలు ఆగుతుంది, దాని వెనకది కూడా ఆగుతుంది. ట్రాఫిక్ పోలీసు అటు, గేట్‌మ్యాన్ ఇటు మాట్లాడుకుని వాహనాలను ఖాళీ చేయించాక బండి కదులుతుంది. అంటే గేటు వల్ల రోడ్డుకే కాదు, రోడ్డు వల్ల రైలుకూ ఆలస్యమే.

ఊహకు ఒక లెక్క వేసుకోవచ్చు. ఒక్కో బండికి గేటు మూడు నిమిషాలు మూస్తారనుకుంటే, రోజుకు వంద బండ్లకు 300 నిమిషాలు, అంటే ఐదు గంటలు. 52 బండ్లు తగ్గితే 156 నిమిషాలు మిగులుతాయి. వాటి ఖాళీ ఇంజిన్లు, రేకుల రాకపోకలు కూడా తగ్గుతాయి కాబట్టి నిజమైన ఆదా ఇంకాస్త ఎక్కువ. బండి పొడవు కూడా లెక్కలోకి వస్తుంది. 15 బోగీల బండి దాదాపు 300 మీటర్లు. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో గేటు దాటడానికి దానికి 36 సెకన్లు పడుతుంది. నాలుగు పెట్టెల రైల్‌కార్‌కు పది సెకన్లు చాలు. దూరప్రయాణ బండ్లను తీసేస్తే రోడ్డుకు ఎక్కువ లాభం అన్న వాదనకు ఆధారం ఇదే. అయితే గేటు మూసి ఉండే సమయంలో ఎక్కువ భాగం బండి రాకముందు ఎదురుచూపే. ఆ భాగం చిన్న బండికీ పెద్ద బండికీ ఒకటే. లోకల్ బండ్లు మిగిలినంత కాలం గేట్ల సమస్య తగ్గుతుందే గానీ పోదు.

గేట్లను పూర్తిగా తీసేయడానికి 1990లోనే ఒక ప్రయత్నం జరిగింది. హాంకాంగ్‌కు చెందిన హోప్‌వెల్ కంపెనీతో 60 కిలోమీటర్ల ఎత్తైన రైలు, రోడ్డు మార్గానికి ఒప్పందం కుదిరింది. పని కొద్ది భాగం జరిగాక 1997 ఆర్థిక సంక్షోభ కాలంలో ఆగిపోయింది, ఒప్పందం రద్దయింది. ఉత్తర లైను వెంబడి వరుసగా నిలిచిపోయిన కాంక్రీటు స్తంభాలు రెండు దశాబ్దాల పాటు బ్యాంకాక్ వాసులకు రోజూ కనిపించాయి. పరిహారం మీద కోర్టు గొడవలు ఇంకా ఎక్కువ కాలం సాగాయి. ఆ లైను ఎత్తు మీదికి ఎక్కడం చివరికి రెడ్ లైన్ అనే విద్యుత్ లోకల్ రైలు మార్గంతో జరిగింది.

బాంగ్ సూ ఎందుకు

మూడు లైన్లు కలిసేది అక్కడే, షెడ్డు అక్కడే, యార్డు అక్కడే, రైల్వేకు పెద్ద ఎత్తున సొంత భూమి ఉన్నదీ అక్కడే. స్థలం ఎంపికకు ఇంతకంటే చెప్పాల్సింది లేదు. 2013లో పని మొదలైంది. రెండో అంతస్తులో 12 ప్లాట్‌ఫాంలు: 4 రెడ్ లైన్‌కు, 8 దూరప్రయాణ రైళ్లకు. మూడో అంతస్తులో మరో 12, ప్రధానంగా ముందు ముందు రాబోయే హైస్పీడ్ రైళ్లకు. రెడ్ లైన్‌లో ఒక శాఖ రంగ్‌సిత్‌కు 26 కిలోమీటర్లు, రెండోది తాలింగ్ చాన్‌కు 15 కిలోమీటర్లు. 2021 ఆగస్టులో ఉచిత ప్రయోగాత్మక సర్వీసులు, నవంబర్‌లో టికెట్ సర్వీసులు మొదలయ్యాయి. విచిత్రం ఏమిటంటే ఈ భవనంలోకి పెద్ద సంఖ్యలో జనం మొదట వచ్చింది రైలెక్కడానికి కాదు. 2021లో దీన్ని కోవిడ్ టీకా కేంద్రంగా వాడారు. పేరు బాంగ్ సూ గ్రాండ్ నుంచి క్రుంగ్ థేప్ అఫివత్‌గా మారాక, బోర్డు మార్చడానికే 3.3 కోట్ల బాత్‌ల కాంట్రాక్టు ఏమిటన్న రభస 2023 జనవరిలో రైళ్ల మార్పు వార్తను కొన్నాళ్లు మింగేసింది.

మూడో అంతస్తు ఇంకా హైస్పీడ్ రైలు కోసం ఎదురుచూస్తోంది. అక్కడి నుంచి మొదట వెళ్లాల్సిన లైను నఖోన్ రాచసీమకు, 253 కిలోమీటర్లు, 1,435 మిల్లీమీటర్ల గేజు. సరిగ్గా 1900లో తొలి లైను చేరిన ఊరికే, అప్పుడు వేసి తర్వాత తీసేసిన గేజులోనే.

2021లో మూసివేత ఎందుకు ఆగింది

2021 డిసెంబర్ 23 నుంచి దాదాపు అన్ని బండ్లనూ హువా లాంఫోంగ్‌కు రానీయకుండా ఆపాలన్నది రవాణా మంత్రిత్వ శాఖ ప్రణాళిక. చెప్పిన కారణాలు రెండు: గేట్ల వద్ద ట్రాఫిక్, రైల్వే భూమి అభివృద్ధి. థాయ్‌లాండ్ ప్రభుత్వ రైల్వే అప్పుల్లో ఉంది. హువా లాంఫోంగ్ ఆవరణ 120 రాయ్‌లు. ఒక రాయ్ 1,600 చదరపు మీటర్లు కాబట్టి మొత్తం 1,92,000 చదరపు మీటర్లు, మన లెక్కలో 47 ఎకరాల పైమాటే. నగరం నడిబొడ్డున, మెట్రో పక్కన. అందువల్ల మూసివేత ట్రాఫిక్ కోసమా, భూమి కోసమా అన్న అనుమానం సహజంగానే వచ్చింది.

వ్యతిరేకత రెండు వైపుల నుంచి వచ్చింది. వారసత్వ కట్టడాల వాళ్ల గొంతు వార్తల్లో ఎక్కువ వినిపించింది. నిర్ణయాన్ని కదిలించిన బరువు మాత్రం రోజూ పొద్దున పాసింజర్ బండిలో దిగే ఉద్యోగులది, విద్యార్థులది, చిరు వ్యాపారులది. భవనాన్ని కాపాడతామంటే వారసత్వ వాదానికి జవాబు దొరికేది, ఎందుకంటే భవనాన్ని కూలుస్తామని ఎవరూ అనలేదు. ప్రయాణికుడి సమస్యకు ఆ జవాబు చాలదు. పాసింజర్ బండిలో కొద్ది బాత్‌లతో నగరం నడుమకు వచ్చే మనిషిని బాంగ్ సూలో దింపితే మెట్రోకు అదనంగా చెల్లించాలి. అది ఒక్కోసారి రైలు టికెట్ కంటే ఎక్కువవుతుంది. తూర్పు లైను వాళ్లకైతే బాంగ్ సూ దారిలోనే లేదు. ప్రణాళిక వాయిదా పడింది.

పంపకం ఎలా జరిగింది

2023 జనవరి 19న జరిగింది మూసివేత కాదు, విభజన. ఉత్తర, ఈశాన్య, దక్షిణ లైన్లలోని ర్యాపిడ్, ఎక్స్‌ప్రెస్, స్పెషల్ ఎక్స్‌ప్రెస్ రైళ్లు 52 కొత్త టెర్మినల్‌కు వెళ్లాయి. ఆర్డినరీ, లోకల్, తూర్పు లైను, వారాంతపు పర్యాటక బండ్లు, అన్నీ కలిపి 60కి పైగా, పాత స్టేషన్‌లోనే ఉన్నాయి.

ఈ గీత సామాజికమైనదిగా కనిపిస్తుంది. ఏసీ బోగీలు వెళ్లిపోయాయి, మూడో తరగతి చెక్క బల్లలు మిగిలాయి. దీని వెనక సాంకేతిక కారణాలూ ఉన్నాయి. కొత్త మార్గం ఎత్తు మీద ఉంది, కింద రోడ్లు, మనుషులు. పట్టాల మీదికి నేరుగా వదిలే పాత మరుగుదొడ్లున్న బోగీలను అక్కడ నడపలేరు. తొట్టి ఉన్న మరుగుదొడ్లు అమర్చిన బోగీలే వెళ్లాలి. మన రైల్వే బయో టాయిలెట్లకు మారేటప్పుడు పడ్డ పనే ఇది, అక్కడ స్టేషన్ మార్పుకు షరతుగా వచ్చింది. రెండోది సిగ్నల్. రెడ్ లైన్ విద్యుత్ రైళ్లతో ఒకే కారిడార్ పంచుకోవాలంటే డీజిల్ ఇంజిన్లలో కూడా ఆటోమేటిక్ రక్షణ పరికరాలు ఉండాలి. ఉన్న ఇంజిన్లన్నిటికీ ఒకేసారి అమర్చడం కుదరదు, కాబట్టి ముందు దూరప్రయాణ బండ్లకు. మూడోది పొగ. హువా లాంఫోంగ్ కప్పు రెండు వైపులా తెరిచి ఉంటుంది. కొత్త టెర్మినల్‌లో డీజిల్ బండ్లు ఆగే అంతస్తు మీద ఇంకో అంతస్తు ఉంది. విద్యుత్ రైళ్లను దృష్టిలో పెట్టుకుని కట్టిన చోట డీజిల్ ఇంజిన్లను గంటల తరబడి ఆన్ చేసి ఉంచలేరు. బ్యాటరీతో నడిచే షంటింగ్ ఇంజిన్‌ను పరిశీలనకు తెచ్చింది ఇందుకే.

పాత బండ్లు మాత్రం నేల మీది పాత పట్టాలనే పట్టుకుని, పాత స్టేషన్లలో ఆగుతూ హువా లాంఫోంగ్ చేరతాయి. పై మార్గం, కింది మార్గం రెండింటికీ సిబ్బంది, నిర్వహణ ఖర్చు పడుతోంది. విభజనకు కట్టిన మూల్యం అది.

కౌలాలంపూర్, సింగపూర్ ఏం చేశాయి

ఒకే మీటర్ గేజు బాట మీద బ్యాంకాక్‌తో ముడిపడ్డ మరో రెండు రాజధాని స్టేషన్లు తమ హోదా కోల్పోయాయి. పోలిస్తే తేడా తెలుస్తుంది.

కౌలాలంపూర్ పాత స్టేషన్ 1910లో తెరిచింది, వాస్తుశిల్పి ఆర్థర్ బెనిసన్ హబ్బక్ రూపొందించిన గుమ్మటాల భవనం. 2001 ఏప్రిల్‌లో ప్రధాన సర్వీసులు కాస్త దక్షిణాన, బ్రిక్‌ఫీల్డ్స్‌లోని కేఎల్ సెంట్రల్‌కు మారాయి. అక్కడ పెద్ద గొడవ లేకుండా పని జరిగిపోవడానికి కారణం పట్టాలు. పాత స్టేషన్ డెడ్ ఎండ్ కాదు, లైను దాని గుండా సాగిపోతుంది. కాబట్టి కొమ్యూటర్ బండ్లు ఇప్పటికీ అక్కడ ఆగుతాయి. ఎవరి ప్రయాణమూ తెగలేదు.

సింగపూర్ తంజోంగ్ పగార్ స్టేషన్ 1932 నాటిది, డెడ్ ఎండ్. అందులో నడిచేది మలేసియా రైల్వే, భూమి కూడా దాని చేతిలోనిదే. రెండు దేశాల మధ్య భూముల మార్పిడి ఒప్పందం కుదిరాక 2011 జూన్ 30న చివరి బండి వెళ్లింది, మర్నాటి నుంచి రైలు సరిహద్దు దగ్గరి వుడ్‌ల్యాండ్స్‌తోనే ఆగిపోయింది. పట్టాలు పీకేశారు, దారి మొత్తం నడకబాట అయింది, భవనం జాతీయ స్మారకం అయింది. అక్కడ రోజువారీ లోకల్ ప్రయాణికులు ఆ లైను మీద ఆధారపడి లేరు. వాళ్లకు నగర మెట్రో ఉంది. తెంపడం అందుకే సాధ్యపడింది.

హువా లాంఫోంగ్ ఈ రెండింటి మధ్య ఇరుక్కుంది. సింగపూర్‌లా డెడ్ ఎండ్, కౌలాలంపూర్‌లా లోకల్ ప్రయాణికులు ఉన్నది. మొదటి లక్షణం మూసేయమంటుంది, రెండోది కుదరదంటుంది.

రైలెక్కేవాళ్లకు

చియాంగ్ మై, నోంగ్ ఖాయ్, ఉబోన్, హాట్ యాయ్, పాడాంగ్ బెసార్ వైపు స్లీపర్ లేదా ఏసీ బండి అయితే క్రుంగ్ థేప్ అఫివత్‌కే వెళ్లాలి. 2024 జూలై నుంచి లావోస్ రాజధాని వియన్‌టియాన్‌కు నడిచే రైలు కూడా అక్కడి నుంచే. అయుత్తయకు చవకైన ఆర్డినరీ బండి కావాలంటే హువా లాంఫోంగ్. పట్టయా, అరణ్యప్రథేత్ వైపు కూడా అదే. కాంచనబురిలో క్వాయ్ నది వంతెన చూడాలనుకునేవాళ్లు ఈ రెండు చోట్లకూ వెళ్లకూడదు. ఆ రోజువారీ బండ్లు నది అవతల తోన్‌బురి స్టేషన్ నుంచి బయల్దేరతాయి.

పొరపాటున పాత స్టేషన్‌కు వెళ్లినా దిక్కుతోచని పరిస్థితి కాదు. 2004లో తెరిచిన మెట్రో బ్లూ లైన్ మొదటి భాగం సరిగ్గా హువా లాంఫోంగ్ నుంచి బాంగ్ సూ వరకు 20 కిలోమీటర్లు, 18 స్టేషన్లు. రైలు మార్గం ఏడున్నర కిలోమీటర్లే అయినా మెట్రో తూర్పుగా చుట్టి వస్తుంది కాబట్టి నడక, టికెట్, తనిఖీ కలిపి గంట చేతిలో ఉంచుకోవడం మేలు. మెట్రో బోర్డుల మీద వెతకాల్సిన పేరు బాంగ్ సూ.

2023 మార్పు గందరగోళం లేకుండా జరగడానికి ఈ మెట్రో పెద్ద కారణం. కొత్త టెర్మినల్ తెరవడానికి పదిహేడేళ్ల ముందే రెండు చోట్లనూ కలిపే రైలు ఉంది. 2025 జనవరిలో ప్రారంభమైన చర్లపల్లి టెర్మినల్‌కు సికింద్రాబాద్ బండ్లు మారినప్పుడు హైదరాబాద్ ప్రయాణికులు ఎక్కువగా అడిగిన ప్రశ్న ‘అక్కడికి ఎలా పోవాలి’ అన్నదే. చర్లపల్లికి మెట్రో లేదు.

ఇక మీదట

హువా లాంఫోంగ్ నుంచి మిగిలిన బండ్లు కూడా పోవాలంటే ముందు పూర్తి కావాల్సింది ‘మిస్సింగ్ లింక్’ అని పిలిచే రెడ్ లైన్ పొడిగింపు. బాంగ్ సూ నుంచి ఫయా థాయ్, మక్కసాన్ మీదుగా హువా మాక్‌కు ఒక శాఖ, హువా లాంఫోంగ్‌కు ఇంకో శాఖ, మొత్తం 26 కిలోమీటర్లకు కాస్త తక్కువ. చిత్రలద రాజభవనం పక్కన ఎత్తైన మార్గం కుదరదు కాబట్టి అక్కడ పట్టాలు నేల కిందికి దిగాలి. ఖర్చూ, ఆలస్యమూ ఎక్కువగా ఆ చిన్న ముక్క దగ్గరే. ఈ పథకంలో హువా లాంఫోంగ్ కూడా ఒక కొసగా ఉండటం గమనించాలి. అంటే ప్రభుత్వ పత్రాల్లోనే ఆ చోటికి రైలు రావడం మానదు, డీజిల్ బండి బదులు విద్యుత్ లోకల్ వస్తుంది.

భూమి అభివృద్ధి ప్రణాళికలు కూడా ఆ మేరకు మారక తప్పదు. యార్డు, పాత వర్క్‌షాపు భాగాలను ఖాళీ చేయవచ్చు, ఎందుకంటే దూరప్రయాణ రేకుల కడుగుడు ఇప్పుడు అక్కడ లేదు. ప్లాట్‌ఫాంల వైపు భూమి మాత్రం లింకు పని మొదలయ్యేదాకా పట్టాల కిందే ఉండాలి. తూర్పు లైను బండ్లకు మక్కసాన్‌లో సరిపడా ప్లాట్‌ఫాంలు, అక్కడి నుంచి తక్కువ ఖర్చుతో నగరం నడుమకు దారి ఏర్పడితే పరిస్థితి వేరు. అవి రెండూ లేకుండా మరో మూసివేత తేదీ ప్రకటిస్తే, 2021 డిసెంబర్‌లో ఎదురైన ప్రయాణికులే మళ్లీ ఎదురవుతారు.